ట్రెయిల్ రిడ్జ్ మీది సందర్శక కేంద్రం కొండమీదే ఉండాలా, కిందికి తరలాలా?

కొండబాట (చర్చ ప్రారంభం):

కొలరాడోలోని రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో, ఫాల్ రివర్ పాస్ దగ్గర, 11,796 అడుగుల ఎత్తున ఆల్పైన్ విజిటర్ సెంటర్ ఉంది. అమెరికా జాతీయ పార్కులన్నింటిలోనూ ఇంతకన్నా ఎత్తున మరో సందర్శక కేంద్రం లేదు. అది అక్కడ ఉండవలసిన అవసరం ఉందా అన్నదే నా ప్రశ్న. ఇప్పుడున్న రూపంలో ఉండకూడదని నా అభిప్రాయం.

తూర్పున ఉన్న ఎస్టెస్ పార్క్ అనే ఊరి వైపు నుంచి, ఈ కేంద్రానికి వచ్చే ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు ఎక్కేవారు, చెట్లు పెరగడం ఆగిపోయే ఎత్తు దాటాక, ముందుగా ఫారెస్ట్ కాన్యన్ దగ్గర, ఆ తరువాత రాక్ కట్ దగ్గర ఆగుతారు. రెండు చోట్లా కారు దిగగానే కాళ్ల ముందు టండ్రా, అంటే చెట్లు పెరగని చలినేల ఉంటుంది. ఆ నేల ఎంత సున్నితమైనదో, దాన్ని ఎందుకు తొక్కకూడదో తీరిగ్గా వివరించే కేంద్రం మాత్రం ఆ రెండూ దాటి, రోడ్డు మొత్తంలో అత్యంత ఎత్తయిన 12,183 అడుగుల చోటు కూడా దాటాక గాని రాదు. పరీక్ష రాసి బయటికి వచ్చాక పాఠం చెప్పినట్టుంది ఈ ఏర్పాటు.

అక్కడి మొక్కలను ఒక్కసారి వంగి చూసినవారికి నా ఆందోళన అర్థమవుతుంది. మాస్ కాంపియన్ అనే మొక్క గాలికి ఎగిరిపోకుండా నేలను కరుచుకుని, అరచేయంత మేర గుబురుగా అల్లుకుని, గోరుకన్నా చిన్న గులాబీరంగు పూలు పూస్తుంది. మొదటి పువ్వు పూయడానికే దానికి పదేళ్లు పట్టవచ్చు. వృక్షశాస్త్రవేత్త బీట్రిస్ విల్లార్డ్ 1959లో ఈ రోడ్డు పక్కనే, సందర్శకులు తొక్కిన నేలలో కొంత భాగానికి కంచె వేయించి, అది తేరుకునే తీరును దశాబ్దాల పాటు పరిశీలించారు. బాగా దెబ్బతిన్న చోట పూర్వస్థితి రావడానికి వందల ఏళ్లు పట్టవచ్చని ఆ పరిశీలన వల్లనే తెలిసింది. ఇంత తెలిశాక కూడా జనాన్ని ఆ నేల నడిబొడ్డుకే పిలిచే కట్టడాన్ని మనం సమర్థించాలా?

పొద్దుతిరుగుడు:

కొండబాట గారూ, మీ ఆందోళన న్యాయమైనదే గాని, ఆ కేంద్రం ఇప్పటిలా అక్కడ ఉండకూడదన్న మీ మాటను నేను ఒప్పుకోలేను. జాతీయ పార్కుల సేవా సంస్థను ఏర్పాటు చేసిన 1916 నాటి చట్టం ప్రకృతిని కాపాడమని ఒక్కటే చెప్పలేదు. ప్రజలు దాన్ని చూసి ఆనందించాలని, రాబోయే తరాల కోసం చెడకుండా ఉంచాలని, రెండింటినీ కలిపే చెప్పింది. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను, చక్రాల కుర్చీలో ఉన్నవారిని టండ్రా దాకా తీసుకువెళ్లగలిగిన మార్గాలు ఈ దేశంలో చాలా తక్కువ. కారు దిగి నాలుగడుగులు వేసి, ఆ కేంద్రం కిటికీ దగ్గర నిలబడితే, కింద మంచుగడ్డలు తొలిచిన లోతైన గిన్నెలాంటి లోయలో ఎల్క్ అనే పెద్ద జింకల మందలు మేయడం కనిపిస్తుంది. ఆ దృశ్యాన్ని నడవగలిగినవారికే పరిమితం చేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

మరుగుదొడ్ల మాట కూడా ఆలోచించండి. 48 మైళ్ల రోడ్డులో దాదాపు 11 మైళ్లు చెట్టన్నది లేని ఎత్తులోనే సాగుతుంది. అక్కడ సరైన వసతి లేకపోతే, చాటు కోసం జనం వెళ్లేది రాళ్ల వెనక్కే, అంటే మీరు కాపాడాలంటున్న నేల మీదికే.

మంచుదారి:

ఈ కట్టడాలు అక్కడికి ఎలా చేరాయో గుర్తు చేసుకుంటే చర్చకు మేలు జరుగుతుంది. రెండో ప్రపంచయుద్ధం తరువాత కార్లు పెరిగి పార్కులు కిక్కిరిసిపోయాయి. జాతీయ పార్కుల సేవా సంస్థకు అప్పటి సంచాలకుడు కాన్రాడ్ వర్త్ 1956లో మిషన్ 66 అనే పదేళ్ల పథకాన్ని మొదలుపెట్టారు. ఈ రోజు మనం విజిటర్ సెంటర్ అంటున్న భావన ఊపందుకున్నది ఆ పథకంతోనే. సమాచారం, ప్రదర్శన, రేంజర్లనే పార్కు సిబ్బంది, మరుగుదొడ్లు అన్నీ ఒకే కప్పు కింద, కారు ఆగే చోటే ఉండాలన్నది అప్పటి ఆలోచన. మొంటానాలోని గ్లేసియర్ పార్కులో 6,646 అడుగుల ఎత్తున ఉన్న లోగన్ పాస్ కేంద్రం కూడా ఆ కాలపుదే. అక్కడి పచ్చికబయలు జనం తాకిడికి నలిగిపోవడంతో, హిడెన్ లేక్ అనే సరస్సు వైపు వెళ్లే దారిలో నేలకు ఎడంగా చెక్కబాట వేయవలసి వచ్చింది.

వాషింగ్టన్ రాష్ట్రంలోని మౌంట్ రైనియర్ పార్కులో పారడైజ్ అనే చోటి అనుభవం ఇంకా స్పష్టమైనది. 1971-72 చలికాలంలో 1,122 అంగుళాల మంచు కురిసిన ప్రాంతమది. అటువంటి చోట 1960లలో కట్టిన గుండ్రని కేంద్రం పైకప్పు మంచు బరువును దించుకోలేకపోయింది. దాన్ని కరిగించడానికి చలికాలమంతా ఇంధనం మండించవలసి వచ్చేది. చివరికి ఏటవాలు కప్పుతో కొత్త భవనం కట్టి 2008లో తెరిచారు, పాతదాన్ని కూల్చివేశారు. ఆల్పైన్ కేంద్రం కప్పు మీద అడ్డంగా, నిలువుగా పరిచిన పెద్ద దుంగలు మీరు చూసే ఉంటారు. అవి అలంకారం కోసం కాదు, చలికాలపు గాలులకు కప్పు లేచిపోకుండా ఉండడానికి. ఏడాదిలో సగానికి పైగా మూసి ఉండే భవనాన్ని అంత పోరాటంతో నిలబెట్టడం దేనికన్న ప్రశ్న సమంజసమే.

పడమటిగాలి:

ఒక్క సవరణ. పడమట ఉన్న గ్రాండ్ లేక్ ఊరి వైపు నుంచి వచ్చేవారికీ, పాత ఫాల్ రివర్ రోడ్డు మీదుగా ఎక్కేవారికీ రాక్ కట్ కన్నా ముందు తగిలేది ఆల్పైన్ కేంద్రమే. పాత రోడ్డు పైకి మాత్రమే వెళ్లే ఒంటిదారి, నేరుగా ఈ కేంద్రం దగ్గరే ముగుస్తుంది. కాబట్టి పాఠం ఆలస్యమవుతుందన్న మాట అందరికీ వర్తించదు.

కొండబాట:

పడమటిగాలి గారు చెప్పినది నిజమే. అయినా ఎస్టెస్ పార్క్ వైపు నుంచి వచ్చేవారి విషయంలో నా వాదన అలాగే నిలుస్తుంది.

పొద్దుతిరుగుడు గారూ, పెద్దలను పైకి తీసుకువెళ్లవద్దని నేను అనలేదు. వారికి కావలసినవి రోడ్డు, కారు ఆపే చోటు, కిటికీ ఉన్న ఒక గది, మరుగుదొడ్డి, ఒక రేంజరు. ఇవన్నీ ఉండనివ్వండి. నా అభ్యంతరం కేంద్రం పక్కనే ఉన్న జ్ఞాపికల దుకాణం, కెఫేల మీద, అరగంట పట్టే ప్రదర్శనల మీద. కాసేపు ఆగి వెళ్లిపోవలసిన చోటును అవి గంటల తరబడి ఉండే చోటుగా మారుస్తాయి. కేంద్రం పక్కనుంచి 12,000 అడుగులకు పైగా ఎక్కే మెట్లదారి ఉంది. కాఫీ తాగి, కాలక్షేపానికని మధ్యాహ్నం ఆ మెట్లెక్కేవారికి తామెంత ప్రమాదంలోకి వెళుతున్నారో తెలియదు. 2014 జూలైలో వరుసగా రెండు రోజుల్లో ఈ రోడ్డు వెంబడి పిడుగుపాటుకు ఇద్దరు చనిపోయారు. మధ్యాహ్నానికల్లా చెట్ల ఎత్తుకు దిగిపొమ్మని రేంజర్లు చెప్పేది అందుకే. ఎక్కువసేపు ఉండమని పిలిచే భవనమూ, త్వరగా దిగిపొమ్మనే హెచ్చరికా ఒకే చోట ఎలా పొసగుతాయి?

నేర్పవలసినదంతా కింద ఎస్టెస్ పార్క్ వైపున్న బీవర్ మెడోస్ సందర్శక కేంద్రంలోనే నేర్పవచ్చు. అది సుమారు 7,800 అడుగుల ఎత్తున, రుసుము కట్టే ప్రవేశద్వారానికి ఇవతలే ఉంది. పార్కు మొత్తాన్ని ఎత్తుపల్లాలతో చూపే నమూనా పటం అక్కడే ఉంది. ఇప్పటికే వేసవిలో రెండు గంటల వ్యవధులతో ముందస్తు ప్రవేశ అనుమతులు ఇస్తున్నారు కాబట్టి, ఆ అనుమతి తీసుకునేటప్పుడే టండ్రా నియమాలు చెప్పడం కష్టమేమీ కాదు.

పొద్దుతిరుగుడు:

పైనుంచి ప్రదర్శనలు తీసేస్తే మనిషి నేర్చుకునే తీరునే మరిచినట్టవుతుంది. కింద నమూనా పటం ముందు నిలబడి విన్నది పైకి వచ్చే కారు ప్రయాణంలో మరుపున పడుతుంది. పువ్వు ఎదురుగా ఉన్నప్పుడు రేంజరు చెప్పిన మాట పదేళ్ల పిల్లవాడికి కూడా గుర్తుంటుంది. కెఫే విషయంలోనూ తొందరపడవద్దు. సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతుల ఆక్సిజనే అందే ఆ ఎత్తులో తల తిరిగినవారికి కూర్చోవడానికి చోటు, వేడిగా తాగడానికి ఏదో ఒకటి ఉండడం విలాసం కాదు. దుకాణం సంగతి వేరు, దాన్ని సమర్థించడానికి నా దగ్గర కారణమేదీ లేదు.

మంచుదారి:

అయితే మీ ఇద్దరి మధ్య తేడా కెఫే, ప్రదర్శనల దగ్గరే మిగిలింది. ప్రదర్శనలను గోడల మీదినుంచి తీసి రేంజర్ల చేతికి ఇవ్వడం నాకు మేలనిపిస్తుంది. బోర్డులు చదివించడానికి పెద్ద భవనం కావాలి, మాట్లాడడానికి రాక్ కట్ దగ్గర బాట చివర నిలబడే ఒక మనిషి చాలు. ఆ మనిషికి జీతం ఎక్కడి నుంచి వస్తుందన్నది తేలితేనే ఈ మాటకు బలం వస్తుంది. పార్కు వసూలు చేసే ప్రవేశ రుసుములో అధికభాగం ఆ పార్కులోనే ఖర్చు చేయడానికి చట్టం అనుమతిస్తుంది కాబట్టి, పైనున్న భవనాన్ని పెంచడానికి కాక వేసవి రేంజర్ల సంఖ్య పెంచడానికి ఆ డబ్బును వీలైనంత మళ్లించమని పార్కు యాజమాన్యాన్ని అడుగుదామని నా ప్రతిపాదన.