సమస్యాపూరణం: "బరువు పెరిగినంత స్వరము తేలె"

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. బరువెక్కినది మునగవలసి ఉండగా ఇక్కడ స్వరం తేలుతున్నది. ఆ విరోధాన్ని పరిహరించాలి. పాదంలో ఉన్నది ప్రాసయతి అని గమనించగలరు. విషయం, ఇంట్లో పాటలు వినే డాక్‌కు, అంటే అంకెల రూపంలోని పాటను విద్యుత్తరంగంగా మార్చే పెట్టెకు, మేలైన పవర్ సప్లై అమర్చుకోవడం. గోడకు తగిలించే అడాప్టర్ విద్యుత్తును సెకనుకు పదివేల సార్లకు పైగా స్విచ్ చేస్తుంది, అంటే ఆపి వదులుతుంది, కనుక దానికి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చాలు. 50 హెర్ట్జ్ మీదనే, అంటే సెకనుకు 50 ఆవృత్తుల మీదనే, పనిచేసే లీనియర్ సప్లైకి ఇనుమూ రాగీ ఎక్కువ కావాలి. డాక్ ఇచ్చే సంకేతం దాని రిఫరెన్స్ వోల్టేజీని, అంటే కొలతకు ఆధారమైన వోల్టేజీని, అనుసరించి ఉంటుంది కాబట్టి, సప్లై నుంచి అందులో చేరే రొద పాటలోకి దిగే అవకాశం ఉన్నది. నా అడాప్టర్‌ను తీసి లీనియర్ సప్లై పెట్టిన రాత్రి, వీణ తీగ మీటిన తరువాత సన్నగిల్లుతూ పోయే నాదాన్ని చివరిదాకా వినగలిగాను.

కాకినాడ సభ్యులు:

చిన్న పెట్టె తీసి చేర్చితి బరువైన
యినుము చుట్టు రాగి యిమిడియుండు
ట్రాన్సుఫార్మరొకటి, డాకునకమరగా
బరువు పెరిగినంత స్వరము తేలె.

నిర్వాహకుడు: ధార చక్కగా ఉన్నది. "ట్రాన్సు"కు "డాకు"తో యతి కుదర్చడం నాకు ఎంతో నచ్చింది. అయితే మొదటి పాదంలోనే "బరువైన" అనడం వల్ల సమస్యలోని చమత్కారం ముందుగానే ఖర్చయిపోయింది. "చేర్చితి గుండ్రని" అంటే గణం చెడదు. ఇనుప వలయం చుట్టూ రాగి తీగ చుట్టిన టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్ కళ్లకు కడుతుంది.

హన్మకొండ సభ్యురాలు:

మౌనమందు వీణ మధురమై వినవచ్చె
శ్రుతియు హెచ్చె గానసుధలు పొంగె;
సరఫరాకు వేరె సదనమ్ము కట్టగా
బరువు పెరిగినంత స్వరము తేలె.

నిర్వాహకుడు: అమ్మా, మొదటి పాదం నిజంగా విని వ్రాసినది. వేరే సదనం కట్టడమూ, అంటే సప్లైని వేరే పెట్టెలో ఉంచడమూ, సరైన పనే, ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం దగ్గరలోని తీగలలో 50 హెర్ట్జ్ గుంయికారాన్ని పుట్టించగలదు. కాని "శ్రుతి హెచ్చె" అనడం పొరపాటు. శ్రుతిని నిలిపేది డాక్‌కు కాలం కొలిచే క్లాక్. సప్లై మార్చినందువల్ల ఆధార షడ్జం చెవికి తెలిసేంతగా పైకి జరగదు. "శ్రుతులు తేటపడెను సుధలు పొంగె" అని సవరిస్తే శాస్త్రమూ ఛందస్సూ రెండూ నిలుస్తాయి.

డాలస్ సభ్యులు:

నూరు మార్లు లేచు నురుగుల కెరటాల
నా కెపాసిటరులు అణచివేయ
నిండుకుండ వోలె నిలిచెను విద్యుత్తు
బరువు పెరిగినంత స్వరము తేలె.

నిర్వాహకుడు: మన ఊళ్లలోని 50 హెర్ట్జ్ విద్యుత్తును పూర్తి తరంగ రెక్టిఫైయర్, అంటే ఏసీని డీసీగా మార్చే భాగం, దాటిస్తే సెకనుకు నూరు అలలు లేస్తాయి, డాలస్‌లో 60 హెర్ట్జ్ కనుక మీ ఇంట అవి 120. పుట్టిన ఊరి లెక్కనే పద్యంలో ఉంచినందుకు సంతోషం. ఇక రెండు దోషాలు. ఉత్వసంధి నిత్యం కనుక "టరులణచివేయ" అవుతుంది, ఒక లఘువు లోపించి గణభంగం కలుగుతుంది. "టరులె యణచివేయ" అంటే సరిపోతుంది. రెండవది భావదోషం. డాక్ అర ఆంపియర్ లాగుతున్నదనుకొంటే, విద్యుత్తును నిలువ చేసే 4700 మైక్రోఫారడ్ల కెపాసిటర్ మీద ఇంకా సుమారు 1 వోల్టు అల మిగులుతుంది. ఆ కుండ తొణుకుతూనే ఉన్నది. దానిని నిలకడగా ఉంచేది తరువాత వచ్చే రెగ్యులేటర్. ట్రాన్స్‌ఫార్మర్‌లోని 9 వోల్టుల వైండింగ్ నుంచి డయోడ్లు దాటి వచ్చే సుమారు 11 వోల్టులను ఎల్ఎం317 వంటి రెగ్యులేటర్ 5కు దించేటప్పుడు 3 వాట్ల వేడి పుడుతుంది కాబట్టి, దానిని వెదజల్లే హీట్ సింక్ బరువు కూడా చేరుతుంది. మీ సమస్యాపాదానికి అది అదనపు బలమే.

డాలస్ సభ్యులు: గురువుగారూ, నమస్కారం. నిండుకుండను వదలడానికి మనసు రాలేదు గాని, తప్పని తెలిశాక ఉంచలేను. సవరించిన పద్యం ఇది.

నూరు మార్లు లేచు నురుగుల కెరటాల
నా కెపాసిటరులె యణచివేయ
రెగ్యులేటరపుడు రేవున నిలుపగా
బరువు పెరిగినంత స్వరము తేలె.