అనాస మఫిన్లు అడుగున తడిగా ఉంటున్నాయి, ఎందుకు?

ప్రశ్న (శ్రీకాకుళం):
సీతంపేట అనాస ముక్కలతో మఫిన్లు చేస్తే ముక్కలన్నీ అడుక్కి దిగిపోయి, కింద పిండి ముద్దగా ఉంటోందండి. పైన మాత్రం బాగానే పొంగుతున్నాయి. మైదా 200 గ్రాములు, పెరుగు 200 మి.లీ., వేయించని అనాస ముక్కలు ఒక కప్పు. ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) 180 డిగ్రీలు, 20 నిమిషాలు.

జవాబు 1:
పెరుగు ఎక్కువైంది, 120 మి.లీ. చాలు. 2 గుడ్లు, 80 మి.లీ. నూనె, 120 గ్రాముల పంచదార, 2 టీస్పూన్ల బేకింగ్ పౌడర్, పావు టీస్పూను వంట సోడా. గరిటె ఎత్తితే పిండి ధారగా కాకుండా ముద్దముద్దగా జారాలి. అనాసను శనగగింజంత తరిగి, మూకుడులో 5, 6 నిమిషాలు నీరు ఇగిరేదాకా వేయించి పూర్తిగా చల్లార్చండి. వేయించాక 150 గ్రాములు మించనివ్వకండి. ముక్కలకు మైదా పులమడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు, పిండి పల్చగా ఉంటే ఎలాగూ దిగిపోతాయి.

జవాబు 2:
పై గారు చెప్పింది నిజమే. ఇంకోటి, మైదా వేశాక బీటర్ ముట్టుకోవద్దు. గరిటెతో పది పన్నెండు తిప్పులు, ఉండలున్నా పర్లేదు. ఎక్కువ కలిపితే జిగురు పట్టి, కోస్తే లోపల సొరంగాల్లా కన్నాలు పడతాయి. పలాస జీడిపప్పు బద్దలు పైన చల్లితే సరి, లోపల వేస్తే మెత్తబడిపోతాయి.

ప్రశ్న అడిగినవారు:
వేడి ఎంత పెట్టాలండి?

జవాబు 1:
ముందుగా 15 నిమిషాలు వేడెక్కించి 190లో, మధ్య అరలో 18 నుంచి 20 నిమిషాలు. తీసిన 5 నిమిషాలకే అచ్చులోంచి జాలీ మీదకి మార్చండి. అచ్చులోనే వదిలేస్తే ఆవిరికి అడుగు మళ్లీ చెమ్మగిల్లుతుంది.