సిల్లంగి (చేతబడి చేసే మనిషి) అని ఒకసారి పేరు పడితే ఆ మనిషి ఇంకెలా బతకాలి?

నాగావళి ఒడ్డు:
పాలకొండ దగ్గర మా ఊరు. మా వీధి చివరింటి ముసలామె మొన్న పోయిందని ఫోనొచ్చింది, అప్పట్నుంచి ఒకటే ఆలోచన, అందుకే ఇక్కడ పెడుతున్నాను. ఆవిడకి మొగుడు పోయాడు, పిల్లల్లేరు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు పక్కింటి గుంటడికి జ్వరమొచ్చి ఫిట్స్ వస్తే, ముందురోజు ఈవిడే కదా ఎత్తుకుని ముద్దాడింది అని ఎవరో అన్నారు. అంతే, ఊరంతా సిల్లంగి అనేసారు. ఆ సంక్రాంతికి నువ్వుండలు బాదం ఆకులో చుట్టి తెచ్చిస్తే మా అమ్మ నవ్వుతూ తీసుకుని, ఆవిడ అటు వెళ్ళగానే కాలవలో పారేసింది. ఉండలు మునిగిపోయాయి గానీ ఆకు తేలుకుంటూ పోయి ఆవిడ ఇంటి ముందు తూములోనే ఇరుక్కుంది. మళ్ళీ ఆవిడ మా గుమ్మం ఎక్కలేదు. కుళాయి దగ్గరికొస్తే ఆడాళ్ళు బిందెలు పక్కకి లాగేసుకునేవారు, దాంతో చీకటి పడ్డాక నీళ్ళకి రావడం మొదలెట్టింది, అప్పుడు మళ్ళీ "సూసినావా, పొద్దుగూకితే గానీ బయటికి రాదు, మంచిదైతే అలగెందుకు తిరుగుతాది" అని. ఆవిడే తేడా మనిషా, మనమే అలా తయారుచేసామా? నిజంగా అడుగుతున్నాను.

రాజాం కొట్టు:
ముసలామె విషయంలో ఊరిదే తప్పు, ఒప్పుకుంటాను. కానీ అది పట్టుకుని ఎవరికీ పేరు పెట్టకూడదంటే మాత్రం ఒప్పుకోను. నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం వల్లే చాలామంది తిన్నగా ఉంటున్నారు, పోలీసుల వల్ల కాదు. నా కొట్టు షట్టరు రెండుసార్లు లేపారు, రెండోసారి దొరికినవాడు మా వీధి కుర్రాడే. వాణ్ణి దొంగ అనక ఏమనమంటారు?

గజపతినగరం మేస్టారు:
చేసిన పనికి శిక్ష వేరు, మనిషికి ముద్ర వెయ్యడం వేరండి. నాగావళి గారు చెప్పిన చీకట్లో నీళ్ళ సంగతి లాంటిదే అమెరికాలో ఎడ్విన్ లెమర్ట్ అనే సోషియాలజిస్టు 1951లో రాసాడు, మొదటి తప్పు చిన్నదే అవ్వొచ్చు, జనం దానికి పేరెట్టి దూరం పెడితే ఆ దూరాన్ని తట్టుకోడానికి మనిషి చేసేవన్నీ కూడా తప్పుల లెక్కలోకే వస్తాయి అని. 1963లో హోవర్డ్ బెకర్ అయితే ఏమీ చెయ్యనివాడి మీద కూడా ముద్ర పడుతుంది, చేసినవాడు దర్జాగా తిరుగుతాడు అన్నాడు.

అంత దూరం ఎందుకు, మన ఎరుకల వాళ్ళనే చూడండి. గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా అమ్ముకున్నవాళ్ళు, రైళ్ళొచ్చి, ఉప్పు మీద సర్కారు పెత్తనం వచ్చి ఆ బేరం దెబ్బతింది. కులాలకి కులాలనే నేరస్థులని రాసేసిన 1871 నాటి బ్రిటిష్ వాళ్ళ నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికీ తెచ్చారు. పేర్లు రాసుకోవడం, వేలిముద్రలు, సెటిల్‌మెంటు (వాళ్ళని కట్టడిగా ఉంచిన కాలనీ) దాటాలంటే పాసు, రాత్రి హాజరు. గుంటూరు వైపు స్టువర్టుపురం అలా పుట్టిందే. 1952 కల్లా దేశమంతటా ఆ చట్టం పోయింది, దొంగల కులం అన్న మాట పోలేదు. నేను ఆరో తరగతిలో ఉండగా ఒకడి జామెట్రీ బాక్సు పోతే క్లాసు మేస్టారు ఎవర్నీ ఏమీ అడక్కుండా తిన్నగా వెళ్ళి ఆ కులం పిల్లాడి సంచీ బోర్లించాడు. రెండు పుస్తకాలు, ఒక ఉడకబెట్టిన చిలగడదుంప పడ్డాయి. బాక్సు కిటికీలో దొరికింది. ఆ పిల్లాడు మర్నాటి నుంచి బడికి రాలేదు. ఇప్పుడు నేనూ అదే ఉద్యోగం చేస్తున్నాను, ఆ దుంప గుర్తొస్తే ఇప్పటికీ కోపం ఆగదు.

సాలూరు సిస్టర్:
ఏజెన్సీలో పద్దెనిమిదేళ్ళ సర్వీసు నాది. మలేరియా ముదిరి మెదడుకెక్కితే ఫిట్స్ వస్తాయి, రక్తపూత తీస్తే తెలిసిపోతాది. కానీ కొందరు ముందు ఎజ్జోడి (మంత్రాలేసే నాటువైద్యుడు) దగ్గరికే వెళ్తారు, అక్కడ ఫలానా దిక్కు, ఫలానా ఇల్లు అని వస్తాది. నేను చూసినంతవరకు ఆ ఇల్లు కొడుకుల్లేని ఇల్లయినా అవుతాది, గట్టు తగాదా ఉన్న ఇల్లయినా అవుతాది. బలగం ఉన్నోళ్ళ ఇంటి వైపు చెయ్యి చూపించడం నేనెప్పుడూ చూళ్ళేదు. రాజాం అన్నా, మీరన్న నలుగురి భయం అందరికీ ఒక్కలాగ ఉండదు. బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో, మన పక్కనున్న ఒడిశా 2013లో ఈ మంత్రగత్తె ముద్రల మీద చట్టాలు తెచ్చాయి. చట్టం ఉండాలి, కాదనను. జ్వరమొచ్చిన రాత్రి డోలీ మొయ్యకుండా బండి దొరకడం కూడా అంతే ముఖ్యం.

పేరొద్దు:
నన్ను ఇంటర్లో నా నడక చూసి తేడాగాడు అనేవారు. 1973లో అమెరికా సైకియాట్రీ సంఘం స్వలింగ ఇష్టాన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది, 2018 సెప్టెంబరు 6న మన సుప్రీంకోర్టు అది నేరం కాదంది. ముందురోజు నేరస్థుణ్ణి, మర్నాడు కాదు. నేను మాత్రం రెండ్రోజులూ అదే కొట్లో టీ తాగాను.

రాజాం కొట్టు:
సిస్టర్ గారి మాట ఆలోచించాల్సిందే. అయినా నాదొక ప్రశ్న మిగిలే ఉంది. ఆ కుర్రాడు జైలు నుంచొచ్చి ఏడాది అయ్యింది, మూటలు దింపే పని ఇమ్మని రెండుసార్లు వచ్చాడు, ఇవ్వలేదు. మళ్ళీ షట్టరు లేస్తే ఆ నష్టం నాదే కదా, ఊరిది కాదు కదా. మీలో ఎవరైనా అలాంటివాణ్ణి పనిలో పెట్టుకున్నారా, ఏమైంది?

గజపతినగరం మేస్టారు:
న్యాయమైన ప్రశ్న. నేను పెట్టుకోలేదండి. ఒకటి మాత్రం చెప్పగలను, మీరు కాదంటే వాడికి రాజాంలో పిలిచి పని ఇచ్చేది వాడి పాత జతగాళ్ళే.

నాగావళి ఒడ్డు:
అందరివీ చదివాను. ఇందాక అమ్మకి ఫోన్ చేసి నువ్వుండల సంగతి అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆవిడేం చెయ్యలేదని నాకు అప్పుడే తెలుసురా, అవి నీకు పెడితే మనింటికి కూడా ఎవరూ రారని భయమేసింది" అంది. కాసేపాగి, దినం ఎవరు చేస్తన్నారో కనుక్కోరా, బియ్యం ఇచ్చి వస్తాను అంది. ఊళ్ళో ఇద్దరికి ఫోన్ చేసాను, ఎవరికీ తెలీదంట.