‘పక్కదారి పట్టిన’ ఆయుధాలు అనొచ్చా?

అమలాపురం నుంచి ఒక మాస్టారు అడిగారు: “దేశాల మధ్య ఆయుధాల అమ్మకాలకు ఐరాసలో కుదిరిన ఆయుధ వాణిజ్య ఒప్పందంలో 11వ అధికరణం అంతా, సక్రమంగా అమ్మిన ఆయుధం దొంగచేతికి చేరడం గురించే. పిల్లలచేత వ్యాసం రాయిస్తున్నాను. దీన్ని తెలుగులో ఏమనాలి? ‘దారి మళ్లింపు’ అంటే ట్రాఫిక్ పోలీసులు గుర్తొస్తున్నారు.”

నా ఓటు ‘పక్కదారి పట్టడం’కే. మన జిల్లా పేజీల్లో తరచూ కనబడే మాటేగా, రేషన్ బియ్యం పక్కదారి అని! గోడౌన్లో లెక్క సరిపోతుంది, లారీకి బిల్లుంటుంది, మధ్యలో సంచులు మారిపోతాయి.

‘అక్రమ ఆయుధం’ అంటే ఎక్కడో చాటుగా తయారైందేమో అనిపిస్తుంది. ప్రపంచం మొత్తం మీద చూస్తే, ముఠాల చేతుల్లో తిరిగే తుపాకులు చాలావరకు లైసెన్సున్న ఫ్యాక్టరీలో, నంబరుతో సహా పుట్టినవే. 1995 డిసెంబరు 17 రాత్రి పురూలియాలో విమానం నుంచి జారవిడిచిన ఏకే-47లు బల్గేరియాలో ఎక్కించినవి. సరుకు చివరికి ఎవరికి చేరాలో చెప్పే కాగితంలో కొనుగోలుదారు బంగ్లాదేశ్. పడింది మాత్రం పశ్చిమ బెంగాల్ పల్లెల మీద.

ఒప్పందం పట్టుకున్నది సరిగ్గా ఆ కాగితాన్నే. సరుకు ఇంకెవరి చేతికైనా పోతుందా అని అమ్మే దేశమే ముందుగా ఆరా తీయాలి, అవసరమైతే ఎగుమతి లైసెన్సు ఆపేయాలి. ఈ ఒప్పందం 2013 ఏప్రిల్ 2న ఐరాసలో ఆమోదం పొంది, 2014 డిసెంబరు 24న అమల్లోకి వచ్చింది. మన దేశం ఓటింగుకు దూరంగా ఉంది. ఉగ్రవాదుల విషయంలో పట్టు చాలదనీ, అమ్మే దేశాలకే మొగ్గు ఉందనీ అభ్యంతరం. మొదటిది నాకు సబబుగానే కనబడుతుంది, పురూలియా చూసినవాళ్లం కదా.

తణుకు నుంచి ఒక వ్యాఖ్య: “ఆయ్, మరి 2011లో లిబియా ఆయుధాగారాలు కొల్లగొట్టారు కదండీ. ఆ తుపాకులు ఎడారి దాటి మాలి దేశం చేరి, మరుసటి ఏడాది అక్కడి తిరుగుబాటుకు బలమయ్యాయి. అదీ పక్కదారేనా?”

కాదండీ, అది లూటీ. ఆ మాటే రాయండి. అక్కడ ఎగుమతి లైసెన్సు ఎంత పక్కాగా ఉన్నా లాభం లేదు, ముందు ఆయుధాగారానికి కాపలా ఉండాలి. ఆ తర్వాత ఆదుకునేది తుపాకీ మీది ముద్ర. తయారీదారు, దేశం, సీరియల్ నంబరు చెక్కాలని 2005లో ఐరాస దేశాలు ఒప్పుకున్నాయి. పట్టుబడ్డాక నంబరు పట్టుకుని వెనక్కి వెళ్తే, చట్టప్రకారం చివరిగా ఎవరి దగ్గరుందో తేలుతుంది. ముఠాలు నంబరు అరగదీసేది అందుకే.

మాస్టారూ, నాటు తుపాకీని మాత్రం ఈ మాట కింద వేయకండి. దానికి అసలు దారంటూ ఉంటేగా, పక్కదారి పట్టడానికి!