ఈ వారం సమస్య: పళ్ళెమందు పాట వడ్డనయ్యె

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం. అర్థం కుదిరేలా మొదటి మూడు పాదాలు మీరు పూరించాలి.

పళ్ళెమందు పాట వడ్డనయ్యె

పళ్ళెంలో అన్నం వడ్డిస్తారు, పాట ఎలా వడ్డిస్తారన్నదే చిక్కు. దీనికో షరతు కూడా ఉంది. ముక్కూ మొహం తెలియని మనిషి కోసం మనకిష్టమైన పాటలు ఏరి సీడీ చేసివ్వడం పూరణలో కనిపించాలి. 2000 తర్వాత కొన్నేళ్లు ఇలా పాటల సీడీలు ఇచ్చి పుచ్చుకోవడం బాగా నడిచింది. అంతకుముందు క్యాసెట్ల దుకాణంలో చీటీ రాసిచ్చి 60 నిమిషాల ఖాళీ క్యాసెట్ నింపించుకునేవాళ్లం. రేడియోలో జనరంజని విన్నవాళ్లకు ఈ సరదా ఇంకా బాగా తెలుసు. ఎక్కడో ఎవరో అడిగిన పాట మన వంటింట్లో మోగేది.

కొత్తవాళ్ల కోసం: 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు (గురువు, లఘువు లేదా మూడు లఘువులు), వాటికన్నా పెద్దవైన రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి, అంటే పాదం మొదటి అక్షరంతో దానికి పొత్తు కుదరాలి. ప్రాసయతి (ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలవడం) కూడా చెల్లుతుంది. సరళాదేశాలు, అరసున్నల పట్టింపు లేదు.

గణగణ:
మాస్టారూ, సమస్యలోనే అనుమానం. ‘ప’కీ ‘వ’కీ యతి కుదురుతుందా?

నిర్వాహకుడు:
కుదురుతుంది. ప, ఫ, బ, భ, వ ఒకదానికొకటి యతి చెల్లుతాయి. అచ్చు కూడా రెండు చోట్లా అకారమే.

కొత్తగొంతు:
మొదటిసారి రాస్తున్నాను, టెన్షన్‌గా ఉంది. తప్పులుంటే చెప్పండి.

బ్లాంకు సీడి కొని పాటలు నింపితి
దూరమందు నున్న దోస్తు కొరకు
చెవుల విందు కోరి చేతితో పేర్లేయ
పళ్ళెమందు పాట వడ్డనయ్యె

గణగణ:
మొదటి పాదం మూడో గణం చూడండి. ‘కొని’లో ఉన్నవి రెండు లఘువులే, సూర్యగణం కాలేదు. ‘తెచ్చి’ అంటే సరిపోతుంది. యతులన్నీ కుదిరాయి. మొదటి పద్యానికి ఇది చాలా నయం.

నిర్వాహకుడు:
గణం సంగతి సరే. అసలు చిక్కు ‘దోస్తు’ దగ్గరుంది తమ్ముడూ. దోస్తుకి ఏ పాట నచ్చుతుందో మనకు ముందే తెలుసు. తెలియని మనిషికి ఏరేటప్పుడు మాత్రం ప్రతి పాట దగ్గరా చెయ్యి ఆగుతుంది. షరతు పెట్టింది ఆ తటపటాయింపు కోసమే. రెండో పాదం ఇలా మార్చి చూడండి: ‘ఎవరొ తెలియనట్టి హితుని కొరకు’. మూడో పాదంలో చేతిరాత పేర్లు నాకు నచ్చాయి. డిస్కు మీద మార్కర్ పెన్నుతో, అక్షరాలు చివరికొచ్చేసరికి ఇరుకైపోతూ రాసిన పేర్లు కళ్లకు కట్టాయి.

కొత్తగొంతు:
ధన్యవాదాలు గురువుగారూ. రెండూ మార్చుకున్నాను.

విజయవాడ విందు:
నాది ఇదిగో.

ఎనభయే నిమిషము లెన్నియో పాటలు
తుంచు టేది యింక నుంచు టేది
మొదట తీపి పెట్టి ముగియగా పెరుగిచ్చి
పళ్ళెమందు పాట వడ్డనయ్యె

బే ఏరియా బామ్మ:
ఆహా, రెండో పాదంలో ప్రాసయతి ఎంత హాయిగా పడిందో! తుంచుటేది, ఉంచుటేది అన్నదే అసలు బాధ.

గణగణ:
ఎనభై నిమిషాలకే ఎందుకు కట్టుబడాలి? 700 ఎంబీ డిస్కులో ఎంపీత్రీలు వేస్తే వందకు పైగా పాటలు పడతాయి కదా.

విజయవాడ విందు:
పడతాయి. కానీ అవతలి మనిషి దగ్గరున్నది పాత ప్లేయర్ అయితే? మామూలు ఆడియో సీడీ మాత్రమే చదివే పెట్టెలు ఎన్ని లేవు! మనిషే తెలియనప్పుడు వాళ్లింటి పెట్టె ఏం తెలుస్తుంది? పైగా ఎనభై నిమిషాలంటే మన సినిమా పాటలు పదహారో పదిహేడో పడతాయి. అప్పుడే ఏరడం అనే పని ఉంటుంది. పెన్ డ్రైవ్‌లో వెయ్యి పాటలు పోసి ఇవ్వడం బస్తా దింపి వెళ్లిపోవడమే, వడ్డన కాదు.

నిర్వాహకుడు:
బాగా చెప్పారు. ఇప్పటిదాకా ‘వడ్డన’ అన్న మాటకు న్యాయం చేసిన పూరణ ఇదే. అవతలివాళ్లు కూడా ఎరిగిన పాటతో మొదలుపెట్టి, నమ్మకం కుదిరాక మూడో నాలుగో చోట మనకు మాత్రమే ఇష్టమైనది పెట్టడం పాటలు కూర్చినవాళ్లకు తెలిసిన కిటుకు. ఇంకో సంగతి, 1950ల ఘంటసాల పాట పక్కనే 1990ల రెహమాన్ పాట పెడితే శబ్దంలో హెచ్చుతగ్గులకు వినేవాడు ఉలిక్కిపడతాడు. అది కూడా సరిచూసుకోవాలి.

పద్యంలో ఒక దోషం. పెట్టి, ఇచ్చి అనే పనులకు కర్త మీరు. వడ్డనయ్యేది పాట. ‘పెట్టి, ఇచ్చి’ లాంటి క్త్వార్థకానికీ, ప్రధాన క్రియకూ కర్త ఒకరే అయ్యుండాలి. ‘మొదట తీపి పెట్ట ముగియగా పెరుగియ్య’ అంటే గణాలు చెడవు, అన్వయం కుదురుతుంది.

ఆకాశవాణి అభిమాని:
మీరంతా సీడీ దగ్గరే ఆగిపోయారు. మా ఇంట్లో గ్రామఫోను రికార్డుని ‘ప్లేటు’ అనే పిలిచేవాళ్లు. నా పూరణలో పళ్ళెం అదే.

తాతగారి నాటి దళసరి నల్లని
ప్లేటు మీద సూది పెట్టగానె
మూడు నిమిషములకు ముగిసెడి కచ్చేరి
పళ్ళెమందు పాట వడ్డనయ్యె

గణగణ:
పద్యం నున్నగా ఉంది. మరి తెలియని మనిషి ఎక్కడండీ? షరతు గాలికి పోయింది.

ఆకాశవాణి అభిమాని:
పాడినవాళ్లకు వినేవాళ్లు తెలుసా ఏమిటి? 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ రికార్డు కోసం పాడినప్పుడు, పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో గట్టిగా చెప్పుకుంది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. ఎవరి పాటో అక్కడివాళ్లకు తెలియాలి కదా. తెలియని మనుషుల కోసం పాడడమంటే అదీ.

నిర్వాహకుడు:
వాదన గట్టిదే కానీ అది మీ వ్యాఖ్యలో ఉంది, పద్యంలో లేదు. పద్యానికి పక్కన లాయరు అక్కర్లేకుండా ఉండాలి. మూడు నిమిషాల కచ్చేరి అన్నది మాత్రం నిజం. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డులో ఒక పక్కకు సుమారు అంతే పట్టేది.

వరంగల్ వసంత:
అందరూ పంపేవాళ్ల వైపు నుంచే రాశారు. నేను అందుకున్నవాళ్ల వైపు నుంచి.

ఎవరొ పంపి రంట యేపేరు లేకుండ
తెలుపు కవరులోన తేలికైన
బిళ్ళ; పెట్టె నోట పెట్టగా తిరిగెను;
పళ్ళెమందు పాట వడ్డనయ్యె

విజయవాడ విందు:
పెట్టె తింటే మనకు వడ్డనా! భలే ఉందమ్మా.

ఆకాశవాణి అభిమాని:
‘తిరిగెను’ అని తేలిగ్గా అనేశారు గానీ, ఆ తిరుగుడులో తమాషా ఉంది. సీడీ లోపలి నుంచి అంచు వైపు చదువుకుంటూ పోతుంది. మొదట్లో నిమిషానికి సుమారు 500 చుట్లు, అంచుకొచ్చేసరికి 200. మా నల్ల ప్లేటు అంచు నుంచి లోపలికి, మొదలు నుంచి చివరిదాకా ఒకటే వేగం.

నిర్వాహకుడు:
వసంతగారూ, వాక్యాన్ని ‘బిళ్ళ’ దగ్గర విరిచి మూడో పాదంలోకి జార్చడం నేర్పుగా ఉంది. ‘పంపిరంట’ వాడుక మాటే అయినా ఇక్కడ అందం తెచ్చింది, మార్చొద్దు. పళ్ళేనికీ బిళ్ళకీ ఇంకాస్త చుట్టరికం కలిపితే బాగుండేది.

బే ఏరియా బామ్మ:
ఆలస్యంగా వచ్చాను. ఎవరో పంపిన సీడీ మా ఇంట్లో ఇప్పుడు ఏ పనికొస్తోందో రాశాను.

సీడి యెరుగనట్టి చిన్నారి మనుమరా
లాడుకొనగ బొమ్మ లన్ని చేర
మెరయు డిస్కులోన మెతుకైన లేకుండ
పళ్ళెమందు పాట వడ్డనయ్యె

కొత్తగొంతు:
బామ్మగారూ, సూపర్!

గణగణ:
‘సీడీ’ని ‘సీడి’ చేశారని అనబోయాను. మొదటి పూరణలోనూ అదే ఉంది కాబట్టి ఊరుకుంటున్నాను.

నిర్వాహకుడు:
అరువు మాటల్లో ఆ మాత్రం కుదింపు చెల్లుతుంది. బామ్మగారూ, ఈ వారం నా ఓటు మీకే. మిగతావాళ్లు సీడీని పళ్ళెంతో పోల్చారు. మీ పద్యంలో సీడీ నిజంగానే పళ్ళెమైంది, అందులో పాటలు నిజంగానే ఉన్నాయి, ఇక సమస్యలో అసంగతం ఏమీ మిగల్లేదు. మనుమరాలిని పాదాల మధ్య విరవడం కూడా చక్కగా కుదిరింది. పంపినవారి ఊసు పద్యంలో లేకపోవడం లోటే, అయినా వదిలేస్తున్నాను. అభిమానిగారు కోప్పడతారేమో! ఒక్క సవరణ: ‘డిస్కులోన’, ‘పళ్ళెమందు’ అని రెండు సప్తమీ విభక్తులు తగులుకుంటున్నాయి. ‘మెరయు డిస్కు పెట్ట మెతుకైన లేకుండ’ అంటే పోతుంది.

ఆకాశవాణి అభిమాని:
కోపమేం లేదు మాస్టారూ. వచ్చేవారం లాయరు లేకుండానే వస్తాను.

నిర్వాహకుడు:
అయితే ఇదిగో, మళ్లీ ఆటవెలదే. షరతులేమీ లేవు.

చెప్పు కాలు వదలి చెట్టు నెక్కె