అప్‌డేట్: అన్నకు బీమా ఉంది, అమ్మానాయనలకు లేదు (కావలి)

పోయిన నెల అడిగాను: బెంగళూరులో అన్న ఇంటిల్లిపాదికీ కంపెనీ ఆరోగ్య బీమా ఉంది, కావలిలో అమ్మకు (66), నాయనకు (72) ఏదీ లేదు, ఏం చేయాలని. సలహాలు చెప్పిన అందరికీ దండాలు.

అన్నతో మాట్లాడాను. వాళ్ల కంపెనీలో అమ్మానాన్నలకో, అత్తమామలకో ఒక జంటకే చోటంట. వదిన ఒక్కతే కూతురు, అందుకని వదిన అమ్మానాన్నల పేర్లు పెట్టారు. కోపం పోయింది గానీ, ముందే ఒక మాట చెప్పుంటే బాగుండేది.

నాయనకు ఆధార్‌తో ఆయుష్మాన్ వయ వందన కార్డు తీశాం. ఇది ప్రభుత్వ పథకం; 70 దాటితే ఆదాయంతో పనిలేదు, ఏడాదికి 5 లక్షల వరకు ఉచిత వైద్యం.

అమ్మదే కష్టమైంది. 65 దాటితే పాలసీ ఇవ్వరనుకున్నా. ఆ అడ్డు 2024 ఏప్రిల్‌లోనే తీసేశారు. ఫారం నింపుతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "షుగరు సంగతి రాయబాకరా, డబ్బులెక్కువ అడుగుతారు." రాశాను. దాస్తే రేపు ఆస్పత్రిలో క్లెయిమ్ కొట్టేస్తారు. షుగరుతో వచ్చేవాటికి బీమా డబ్బు రావాలంటే మూడేళ్లు ఆగాలి, అదే నా దిగులు. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ లేకపోవడం కాస్త ఊరట.

ప్రీమియంలో సగం అన్న అడక్కముందే పంపాడు. పాలసీ కాగితం అమ్మ బీరువాలో పట్టుచీర మడతల్లో పెట్టుకుంది.