పాచికలు మానేస్తే అంతా గేమ్ మాస్టర్ ఇష్టమేనా?

ప్రశ్న: మాది రోల్‌ప్లేయింగ్ ఆట, అంటే ఒక్కొక్కరు ఒక క్యారెక్టర్‌గా మాట్లాడుతూ కలిసి కథ నడిపే ఆట. కథ నడిపిస్తూ ఏం జరిగిందో తేల్చే గేమ్ మాస్టర్ని నేనే. పోయినసారి ఒకావిడ తన క్యారెక్టర్‌గా రాజు ముందు చాలా బాగా వాదించింది. తీరా రాజు ఒప్పుకుంటాడో లేదో తేల్చడానికి ఇరవై ముఖాల పాచిక వేయిస్తే 2 పడి, ఓడిపోయింది. ఆమె మొహం చూసి నాకే బాధేసింది. పాచికలు మానేద్దామంటే, మరో ఆటగాడు "ఇక అంతా నీ ఇష్టమేగా" అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఇది చెప్పండి, అక్కడ పాచిక ఎందుకు వేయించారు? ఆ వాదనకు రాజు ఒప్పుకోవడమే సబబనిపిస్తే ఒప్పుకున్నాడని చెప్పేయాల్సింది. గెలిచినా ఓడినా కథ ముందుకు కదిలే చోటే పాచిక వేయించాలి. ఇంకోటి, ఇరవై ముఖాల పాచికలో ఏ అంకె పడాలన్నా అవకాశం 5 శాతమే. అందుకే 2 పడటం 11 పడినంత మామూలు. ఆరు ముఖాలవి రెండు కలిపి వేస్తే 36 రకాల్లో 7 ఆరు రకాలుగా వస్తుంది, 2 ఒక్క రకంగానే. అంత ఘోరమైన ఫలితం అరుదైపోతుంది.

మరో జవాబు: పాచికలు లేకుండా చాలాకాలం ఆడించాను, నాకదే ఇష్టం. 1991లో ఎరిక్ వూజిక్ తెచ్చిన 'ఆంబర్' అనే పాచికల్లేని రోల్‌ప్లేయింగ్ ఆట చూడండి. ఒక్కొక్కరికి 100 పాయింట్లు. మనోబలం, దేహబలం, ఓర్పు, యుద్ధనైపుణ్యం, ఈ నాలుగింటికీ ఆ పాయింట్లతో ఆటగాళ్ల మధ్య వేలంపాట జరుగుతుంది. కత్తియుద్ధంలో మీకంటే పైనున్నవాడితో నేరుగా తలపడితే మీరు ఓడతారు, అంతే. కాబట్టి అతన్ని కుస్తీలోకి లాగాలి, లేదా అలసిపోయేదాకా పరిగెత్తించాలి. ఆ ఎత్తులు వేయడంలోనే అసలు మజా! అయితే మీ స్నేహితుడి భయం నిజమే. పరిస్థితిని తూచేది గేమ్ మాస్టరే. ఎవరు దేనిలో పైచేయో, ఓడితే ఏం పోతుందో ముందే చెప్పండి. తీర్పు తర్వాత కారణం వెతికితే నమ్మకం పోతుంది.

ప్రశ్న అడిగినవారు: వేలంపాట మావాళ్లకి బరువవుతుందేమో. తేలికైనదేమైనా ఉందాండీ?

జవాబు: టోకెన్లు పెట్టండి. క్యారెక్టర్ తనంతట తాను చిక్కుల్లో పడితే ఒక టోకెన్ ఇవ్వండి, తప్పక గెలవాల్సిన చోట ఒకటి తీసుకోండి. ఎప్పుడు ఓడాలో ఆటగాళ్లే ఎంచుకుంటారు కాబట్టి "నీ ఇష్టం" అనే మాట రాదు. భయపెట్టే కథైతే 'డ్రెడ్' అనే రోల్‌ప్లేయింగ్ ఆటలోలా చెక్క ముక్కలు పేర్చిన గోపురం పెట్టండి. కష్టమైన పనికల్లా ఒక ముక్క లాగాలి, గోపురం ఎవరి చేతిలో కూలితే వాళ్ల క్యారెక్టర్ కథలోంచి పోతుంది. అదృష్టం బదులు చేతి వణుకు!

ప్రశ్న అడిగినవారు: టోకెన్లు బాగున్నాయి. మాటలతో తేలేవాటికి అవి, పోరాటాలకి ఆరు ముఖాల పాచికలు రెండు. రాజు సభ సన్నివేశం మళ్లీ ఆడదామని ఆవిడకి ఇప్పుడే చెప్పాను.